డిగ్రీలో ఎన్‌పీటెల్ కోర్సు క్రెడిట్లు కలుస్తాయా? ఊళ్లో సిగ్నల్ సరిగ్గా లేకుంటే ఎట్లా?

తమ్మీ, నువ్వు అడిగింది రెండు ముచ్చట్లు. హన్మకొండలో చదివే డిగ్రీలో ఎన్‌పీటెల్ క్రెడిట్లు కలుస్తాయా, ఏటూరునాగారం దగ్గరి ఊళ్లో ఉంటూ కోర్సు పూర్తి చేయొచ్చా అని. ఎన్‌పీటెల్ అంటే ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ కోర్సులు, ఇవి కేంద్రం స్వయం పోర్టల్‌లో ఉంటాయి. రెండోదే సులువు.

యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో ఉండే కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం పోర్టల్‌లో చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. అయితే ఏ పేపర్ బదులు ఏ కోర్సును లెక్కేయాలో తేల్చేది నీ కాలేజీ, యూనివర్సిటీ. అందుకే చేరకముందే కోర్సు పేరు, కోడ్, వారాలు, క్రెడిట్లు రాసి దరఖాస్తు పెట్టు. హెచ్‌ఓడీ, ప్రిన్సిపల్ సంతకాలున్న కాపీ ఒకటి నీ దగ్గర ఉంచుకో. "ముందు చెయ్యి, తర్వాత చూద్దాం" అనే నోటిమాట ఎగ్జామ్ బ్రాంచిలో చెల్లదు. 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు, 8 వారాలకు 2, 4 వారాలకు 1. నాలుగు క్రెడిట్ల పేపర్ బదులు 12 వారాల కోర్సు పెడితే ఒకటి తక్కువ పడుతుంది. చాలామంది ఇది చివర్లో గమనిస్తారు.

ఇక సిగ్నల్. 12 వారాల కోర్సంటే దాదాపు 30 గంటల వీడియో. 360పీ నాణ్యతలో చూస్తే గంటకు సుమారు 300 ఎంబీ, మొత్తం 9 జీబీ దాకా. హన్మకొండలో ఉన్నప్పుడే వారానికి సరిపడా డౌన్‌లోడ్ చేసుకో. యూట్యూబ్ యాప్‌లో దాచినవి మధ్యమధ్య నెట్‌కు కలపకపోతే తెరుచుకోవు, చూసుకో. అసైన్‌మెంట్‌కు డేటా పెద్దగా పట్టదు. గడువు రోజు రాత్రిదాకా ఆగకుండా ముందే ఒకసారి పెట్టేయ్. గడువులోపు ఎన్నిసార్లయినా మార్చొచ్చు, ఆఖరుగా పెట్టిందే లెక్క. పన్నెండు అసైన్‌మెంట్లలో మెరుగైన ఎనిమిదింటి సగటే తీసుకుంటారు. జనవరి సెమిస్టర్ మేడారం జాతర ఏడాదిలో పడితే ఆ వారం టవర్ల మీద ఆశ పెట్టుకోకు, అసైన్‌మెంట్ ముందే పంపు.

కోర్సులో చేరడం ఉచితం. పరీక్షకు మాత్రం వేరుగా రిజిస్టర్ చేసుకుని 1,000 రూపాయలు కట్టాలి, దాని గడువు వేరు. చేరితే చాలనుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కుల ధ్రువీకరణ పత్రం అప్‌లోడ్ చేస్తే సగం రాయితీ ఉంటుంది. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటర్‌కు వెళ్లి కంప్యూటర్ మీద రాయాలి. కాబట్టి ఆ తేదీ నీ సెమిస్టర్ పరీక్షలతో కొట్టుకుంటుందేమో ముందే చూడు. అసైన్‌మెంట్లకు 25లో 10, పరీక్షలో 75కు 30 విడివిడిగా రావాలి. అసైన్‌మెంట్లలో 25కు 25 వచ్చినా పరీక్షలో 29 వస్తే సర్టిఫికెట్ లేదు.

పేరు విషయం కూడా చూసుకో. మన దగ్గర టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. ఏబీసీ ఐడీ, అంటే నీ క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబర్, డిజిలాకర్‌లో ఆధార్ పేరుతో వస్తుంది. రెండూ కలవకుంటే మీ సేవలో ఆధార్ దిద్దించుకుని, ఆ తర్వాతే పరీక్ష ఫారం నింపు.