నమాజు చేస్తారా, చదువుతారా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతాను. 'మా ఇల్లు' అని వ్యాసం రాయమంటే ఏడో తరగతి పాప ఒకతె "మా నాన్న అయిదు పూటలా నమాజు చదువుతాడు, నానమ్మ నెలంతా రోజా ఉంటుంది" అని రాసింది. 'చదువుతాడు' కొట్టేసి 'చేస్తాడు' అని దిద్దాను. పాప ముఖం చిన్నబోయింది. "మా ఇంట్ల అందరం చదువుతమనే అంటం సార్" అంది. ఇది ఉర్దూ వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించడం కాదా?

సమాధానం: పాప రాసిందే సరైనది సార్. దిద్దనవసరం లేదు.

ఉర్దూలో 'నమాజ్ పఢ్‌నా' అంటారు, నిజమే. పాప ఇంట్లో మాట అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. కానీ తెలుగు దాన్ని కళ్లు మూసుకుని తీసుకోలేదు. ఆ పాప రెండో మాటే చూడండి. ఉర్దూలో 'రోజా రఖ్‌నా', అంటే ఉంచడం. "రోజా ఉంచాను" అని మన నల్లగొండ, పాలమూరు వైపు తెలుగులో ఎవరైనా అనగా నేను వినలేదు. మనకు 'ఒక్కపొద్దు ఉండడం' ఉంది కాబట్టి 'రోజా ఉన్నాను' అన్నారు. సాయంత్రం దాన్ని 'విడవడం' కూడా ఒక్కపొద్దు లాగే. అంటే పొసగనిచోట ఉర్దూ క్రియను పక్కన పెట్టి మన క్రియనే వాడుకున్నాం. 'చదవడం' నిలిచిందంటే అది మనకు పొసిగింది కాబట్టే.

పొసగడానికి కారణం 'చదువు' అనే మాటలోనే ఉంది. పుస్తకం ముందు పెట్టుకుని కళ్లతో చూడడమే చదవడం అనుకోవడం బడి వల్ల వచ్చిన అలవాటు. పంతులు పుస్తకం లేకుండానే మంత్రాలు చదువుతాడు. పెళ్లిలో ఎవరు ఎంత కట్నం పెట్టారో పైకి చెప్పేవే చదివింపులు. జాన్‌పహాడ్ సైదులు దర్గాలో ఏటా జరిగే ఉర్సు ఉత్సవానికి వెళ్లే హిందూ కుటుంబాలు కూడా ఫాతిహా 'చదివించి' వస్తాయి. (మన జిల్లాలో ఇంటికొక సైదులు, వాడకొక సైదమ్మ ఉన్నది ఆ దర్గా వల్లనే.) నోటికి వచ్చింది తప్పు పోకుండా పలకడం కూడా తెలుగులో చదవడమే.

నమాజులో జరిగేది సరిగ్గా అదే. అయిదు పూటల్లో, ఫజర్‌లో 2, జొహర్‌లో 4, అసర్‌లో 4, మగ్రిబ్‌లో 3, ఇషాలో 4, ఇలా రోజుకు ఫర్జ్ (తప్పనిసరి) రకాతులు 17. నిలబడి చదివి, వంగి, నుదురు నేలకు ఆనించే ఒక్కో విడత ఒక రకాతు. ఇంట్లో ఒంటరిగా చదువుకునే మనిషి ఈ ఫర్జ్‌లోనే 7 ఆయతుల (వాక్యాల) ఫాతిహా సూరాను, అంటే ఖురాన్ మొదటి అధ్యాయాన్ని, 17 సార్లు చదువుతాడు. ఖురాన్ అన్న పేరుకే చదవడం, పఠించడం అని అర్థం. అక్షరం నేర్వని ప్రవక్తకు తొలిసారి వినిపించిన మాట 'ఇఖ్రా', చదువు అని.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం రాదు, రేషన్ కార్డు దగ్గర వేలిముద్రే. మా ఇంటి పక్కన ఒక పెద్దావిడ ఉండేది, అందరం ఆపా అనేవాళ్లం. అసర్ అయ్యాక ఆడవాళ్లను కూర్చోబెట్టి సూరాలు చెప్పేది. అమ్మ చేటలో బియ్యం పెట్టుకుని రాళ్లేరుతూ వినేది. ఒక్కో ముక్క పదిసార్లు అనుకుని మర్నాడు అప్పజెప్పేది. ఒక్క అక్షరం పొల్లు పోయినా ఆపా చేయి పైకెత్తేది. అమ్మ మళ్లీ మొదటి నుంచి అందుకునేది. అలా పది చిన్న సూరాలు నేర్చుకోవడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది. తెల్లవారుజామున జానిమాజ్ (నమాజు చాప) మీద నిలబడితే పెదవులు కదిలేవి, గొంతు వినపడేది కాదు. ఆ టైంలో ఎవరైనా తలుపు కొడితే "అమ్మ నమాజు చదువుతుంది, కూర్చోండి" అనేవాళ్లం. ఆ మాటలో 'చదువుతుంది' తీసేసి 'చేస్తుంది' అని పెడితే, ఆ రెండేళ్ల చదువు నాకు కనిపించకుండా పోతుంది.

అలాగని మీరు రాసిన 'నమాజు చేస్తాడు' తప్పు కాదు. నిలబడడం, రుకూకు వంగడం, సజ్దాలో నుదురు నేలకు ఆనించడం, ఇవన్నీ చేసే పనులే. నమాజుకు ముందు ముఖం, కాళ్లుచేతులు కడుక్కునే వుజూ అయితే ఎప్పుడూ 'చేసుకోవడమే'. 'నమాజు నెలకొల్పడం' అన్నది గ్రంథాల భాష, అరబ్బీ మాటకు తెలుగు. నాకు నచ్చనిది నమాజు అని రాయాల్సిన ప్రతిచోటా 'ప్రార్థన' అని రాయడం. చేతులు చాచి అల్లాను అడుక్కునేది దువా, దానికి ప్రార్థన సరిపోతుంది. నమాజుకు, దువాకు ఒకే మాట వాడితే రెండింటికీ తేడా లేకుండా పోతుంది.

'నమాజు' సంస్కృతం నుంచి వచ్చిందా అని కొందరు అడుగుతుంటారు. కాదు, అది పారసీ మాట. సంస్కృత 'నమస్సు'కూ దానికీ మూలం ఒకటే, అక్కచెల్లెళ్ల లాంటి మాటలు. అరబ్బీలో నమాజును సలాత్ అంటారు. మనం పొద్దున లేస్తే వాడే 'రోజు', ఆ పాప నానమ్మ ఉండే 'రోజా' కూడా ఒకే పారసీ మాట నుంచి వచ్చినవే.

మీరు గీసిన ఎర్రగీత పక్కన టిక్కు పెట్టి నోట్‌బుక్ పాపకు తిరిగి ఇవ్వండి. ఈసారి 'చదువు' అన్న మాటకు అర్థాలు చెప్పేటప్పుడు వాళ్ల నాన్న గురించి రాసిన ఆ వాక్యాన్నే బోర్డు మీద రాయండి.