పాత చర్చిలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయా? అయితే ఒక్కసారి ల్యూబెక్ వెళ్ళి చూడండి

ప్యారిస్, కొలోన్, ప్రాగ్ చూసేసరికి చర్చిలన్నీ ఒకేలా కనిపించడం మొదలైందని, చేతిలో ఇంకా రెండు రోజులే ఉన్నాయని, పాత యూరప్ కట్టడాలు కాస్తయినా అర్థం కావాలంటే ఏ ఊరు వెళ్ళాలని మీరు అడిగారు. ఆరేళ్ళుగా హాంబర్గ్‌లో ఉంటున్నవాడిగా నా జవాబు ఉత్తర జర్మనీలోని ల్యూబెక్. హాంబర్గ్ నుంచి రైలులో ముప్పావు గంట ప్రయాణం. గుడి, నగరసభ భవనం, కోటగుమ్మం, ధర్మసత్రం, వర్తకుడి ఇల్లు, కూలివాడి ఇల్లు అన్నీ నీటి మధ్యనున్న ఒకే పాతపట్నంలో, నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఒకే ఇటుకతో కట్టి ఉండడం మరోచోట ఇంత స్పష్టంగా నాకు కనబడలేదు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మూడు గంటల్లో తిరిగి వచ్చేశాను. కోటగుమ్మం ముందు ఫోటో దిగి, బాదం మిఠాయి కొనుక్కుని, ఇంతేనా అనుకున్నాను. రెండోసారి మా నాన్నగారితో వెళ్ళాను. కోనసీమలో లంక మట్టితో ఇటుక బట్టీ నడిపిన మనిషి ఆయన. మరియ మాత చర్చి గోడ మీద చెయ్యి వేసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "వీళ్ళకి రాయి దొరకలేదా?" అని. ఆ ఊరు అర్థం కావడానికి అంతకంటే మంచి ప్రశ్న లేదని తరువాత తెలిసింది.

నిజంగానే దొరకలేదు. ఉత్తర జర్మనీ మైదానంలో హిమనదాలు వదిలిపోయిన గుండ్రాళ్ళు తప్ప చెక్కడానికి పనికొచ్చే రాయి లేదు. అవి పునాదులకు సరిపోయేవి. మట్టి మాత్రం పుష్కలం. పన్నెండో శతాబ్దంలో ఇటుక కాల్చే విద్య అక్కడికి చేరాక, 1173లో హెన్రీ ద లయన్ అనే ప్రభువు శంకుస్థాపన చేసిన బిషప్పు చర్చి మొదలుకొని పెద్ద కట్టడాలన్నీ ఇటుకతోనే లేచాయి. ఇళ్ళ సంగతికి వస్తే, 1251లోనూ 1276లోనూ ఊరు తగలబడిన తరువాత చెక్క ఇళ్ళకు బదులు ఇటుక ఇళ్ళే కట్టాలని నగరసభ పట్టుబట్టింది. ఫ్రాన్స్‌లో శిల్పి ఉలితో ఆకులు, దేవతలు, రాక్షసులు చెక్కిన చోట ఇక్కడి మేస్త్రీకి ఆ వీలు లేదు. అచ్చులో పోసి కాల్చిన ప్రత్యేకమైన ఇటుకలను పదేపదే పేర్చడం, గోడలో గూళ్ళు వదలడం, నల్లని ఇటుక ఒక వరుస, ఎర్రనిది ఒక వరుస పెట్టడం, ఇవే అతని చేతిలో ఉన్న అలంకారాలు. ఆ నల్లవి బట్టీలో మాడిపోయిన ఇటుకలని మా నాన్నగారు కొట్టిపారేశారు. అవి గాజుపూత పూసి కాల్చినవని బోర్డు చదివి చెప్పినా ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇక మరియ మాత చర్చి. 38.5 మీటర్ల ఎత్తున్న దాని కమాను కప్పు ఇటుకతో కట్టిన కప్పుల్లో ప్రపంచంలోనే ఎత్తైనది. జంట శిఖరాలు దాదాపు 125 మీటర్లు. గోడలకు బయటినుంచి ఊతమిచ్చే అర్ధ కమానులను ఫ్రెంచివాళ్ళు రాతితో కడితే వీళ్ళు ఇటుకతోనే సాధించారు. అయితే అసలు గమనించవలసింది దాని ఎత్తు కాదు, అది ఉన్న చోటు. బిషప్పు చర్చి ఊరికి దక్షిణాన ఒక కొసన ఉంటే, ఇది సంతవీధి పక్కన, నగరసభ భవనానికి ఆనుకున్నట్టుగా ఉంది. 1226లో ల్యూబెక్ చక్రవర్తికి తప్ప ఏ ప్రభువుకూ లోబడని స్వతంత్ర నగరమైంది. ఉత్తర యూరప్ వర్తక నగరాల కూటమి అయిన హాన్సాకు పెద్దదిక్కు కూడా అదే. ఆ వర్తకులు తమ సొమ్ముతో, తమ కోసం, బిషప్పు చర్చిని చిన్నబుచ్చేలా కట్టుకున్న గుడి ఇది. నగరసభ పత్రాలను సైతం ఈ చర్చిలోని గదిలోనే దాచుకునేవారు. స్ట్రాల్‌జుండ్, విస్మార్ వంటి బాల్టిక్ తీరపు ఊళ్ళు దీన్నే మాదిరిగా తీసుకున్నాయి. గుడిని చూసేటప్పుడు "ఏ శైలి?" అనే ప్రశ్నకు ముందు "డబ్బు ఎవరిది?" అనే ప్రశ్న వేసుకుంటే మీకు అన్నీ ఒకేలా కనిపించడం అక్కడితో ఆగుతుందని నా అనుభవం.

లోపల దక్షిణ శిఖరం కింద రెండు గంటలు పగిలి, నేలలో కూరుకుపోయినట్టు పడి ఉంటాయి. 1942 మార్చి 28 రాత్రి బ్రిటిష్ బాంబుదాడిలో పైనుంచి పడినవి పడినట్టే వదిలేశారు. ఆ మంటల వేడికి గోడల సున్నం రాలిపోయి, కింద దాగిన మధ్యయుగపు బొమ్మలు బయటపడ్డాయి. వాటిని బాగుచేసే పనిలో ఉన్న లోథర్ మాల్స్కాట్ అనే చిత్రకారుడు, పైభాగంలో ఏమీ మిగలని చోట తన సొంత బొమ్మలు వేసి పాతవిగా చెలామణి చేయించాడు. 1951లో వాటిని ఘనంగా ఆవిష్కరించారు. మరుసటి ఏడాది అతనే వాటిని తాను గీశానని బయటపెట్టినా ముందు ఎవరూ నమ్మలేదు. కోర్టు అతన్ని జైలుకు పంపింది, బొమ్మలను చెరిపేశారు. నాకైతే వాటిని ఒక మూల ఉంచేసినా బాగుండేదనిపిస్తుంది. అవీ ఆ గోడ చరిత్రే కదా.

నగరసభ భవనం పక్కనే కాబట్టి వేరే సమయం అక్కరలేదు. ముందువైపు ఎత్తైన గోడలో కనిపించే పెద్ద గుండ్రటి రంధ్రాలు అందానికే కాదు, గాలి ఒత్తిడికి గోడ పడిపోకుండా కూడా పెట్టినవి. లోపలి సభామందిరానికి ఎత్తులో తేడా ఉన్న రెండు తలుపులున్నాయి; నిర్దోషి ఎత్తైన దానిలోంచి, దోషి తల వంచుకుని పొట్టి దానిలోంచి బయటికి వెళ్ళేవారని గైడ్లు చెబుతారు.

హోల్స్టెన్ కోటగుమ్మాన్ని 1464, 1478 మధ్య కట్టారు. మెత్తటి నేలలో కుంగి దాని బురుజులు స్పష్టంగా ఒరిగాయి. చుట్టూ నేల మట్టం కూడా పెరగడంతో అట్టడుగు తుపాకీ రంధ్రాలు ఇప్పుడు నేల కిందకు పోయాయి. ఊరి బయటి వైపు గోడ మందం మూడున్నర మీటర్లు, ఊరి వైపు ఒక మీటరుకు లోపే. శత్రువు ఎటునుంచి వస్తాడని వాళ్ళు అనుకున్నారో ఇటుకల లెక్కే చెబుతుంది. 1863లో దీన్ని కూల్చాలా వద్దా అన్న ఓటింగులో ఒక్క ఓటు తేడాతో బతికింది. పక్కనే నది ఒడ్డున ఉన్న ఆరు ఉప్పు గిడ్డంగులను తప్పక చూడండి. ల్యూనెబుర్గ్ నుంచి వచ్చిన ఉప్పు చేపలు ఊరబెట్టడానికి స్కాండినేవియాకు ఇక్కడినుంచే వెళ్ళేది. పైన చెప్పిన గుడికి డబ్బు ఎలా వచ్చిందో ఆ వ్యాపారంలో తెలుస్తుంది.

ఇళ్ళ కోసం రెండో రోజు మొత్తం ఉంచుకోండి, ఎందుకంటే ఎక్కువమంది వదిలేసేది వాటినే. వర్తకుడి ఇంటి త్రికోణపు ముందుగోడ వీధివైపు ఉంటుంది. తలుపు తీయగానే సరుకు దించడానికి, బేరమాడడానికి ఎత్తైన పెద్ద సావడి, పై అంతస్తుల్లో ధాన్యం, కాపురమేమో చాలావరకు పెరటివైపుకు పొడిగించి కట్టిన భాగంలో. ఇల్లు అనడం కంటే కుటుంబం సర్దుకుని బతికిన గిడ్డంగి అనడం సబబు. ఈ ఇళ్ళ మధ్యలో మనిషి వంగి దూరవలసినంత పొట్టి సందు గుమ్మాలు కనిపిస్తాయి. వర్తకులు తమ పెరళ్ళలో చిన్న చిన్న గదులు కట్టి కూలీలకు, చేతిపనివాళ్ళకు అద్దెకిచ్చారు; శవపేటిక పట్టేంత వెడల్పు ఉంటే చాలు, సందుకు అనుమతి దొరికేదని చెబుతారు. అలాంటి సందులు ఇప్పటికీ దాదాపు 90 ఉన్నాయి. 1286లో పూర్తయిన పవిత్రాత్మ ధర్మసత్రం పొడవాటి హాలులో, 1820 ప్రాంతంలో ముసలివాళ్ళ కోసం కట్టిన నాలుగేసి చదరపు మీటర్ల చెక్క గదులను చూశాక ఆ సందు ఇళ్ళు కూడా విశాలంగా అనిపిస్తాయి. ఆ గదుల్లో 1970 వరకు మనుషులు ఉన్నారు.

చివరగా గ్లోకెన్‌గీసర్ వీధిలో ఫ్యుఖ్టింగ్స్‌హోఫ్‌కు వెళ్ళండి. వర్తకుల, ఓడ సరంగుల విధవల కోసం ఒక నగరసభ్యుడి వీలునామా ప్రకారం 1639లో కట్టిన ఆవరణ అది. ఇప్పటికీ అందులో మనుషులు కాపురముంటున్నారు కాబట్టి గట్టిగా మాట్లాడకండి, కిటికీల్లోకి కెమెరా పెట్టకండి. మేం వెళ్ళిన రోజు మా నాన్నగారు అక్కడి అరుగు మీద చాలాసేపు కూర్చుని, ఎదుటి గోడలో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టారు. లెక్క పూర్తయ్యేలోగా మేం ఎక్కవలసిన రైలు వెళ్ళిపోయింది.