గుర్రం మేసే ఆవరణలో పొంచి ఉన్న ప్రమాదాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా రెండు గుర్రాలు తిరిగే ఆవరణ చుట్టూ నాలుగు వరుసల ముళ్లతీగ ఉంది. అంతకుముందు ఆ స్థలంలో ఆవులుండేవి, ఏ ఇబ్బందీ రాలేదు. కిందటి నెల ఒక రాత్రి ఏదో అలికిడికి బెదిరిన మా ఆడగుర్రం ముందుకాలు తీగలో చిక్కి, మోకాలి కింద చర్మం ఊడివచ్చింది. కంచె మొత్తం ఒకేసారి మార్చే స్థోమత మాకు లేదు. ముందుగా ఏం చేయాలి?

జవాబు: ఆవుకు సరిపోయిన కంచె గుర్రానికి సరిపోదని మీ అనుభవమే చెబుతోంది. ముల్లు గుచ్చుకుంటే ఆవు సాధారణంగా వెనక్కి తగ్గుతుంది. గుర్రం మాత్రం ముందు పరుగెత్తి, ఆ తరువాతే దేనికి బెదిరిందో చూసుకుంటుంది. సన్నని తీగ దాని కంటికి సరిగా ఆనదు, అందులోనూ చీకటిలో పరుగు మీద ఉన్నప్పుడు అసలే ఆనదు. కాలు చిక్కిందంటే నిలబడి విడిపించుకునే ఓపిక దానికి ఉండదు, గుంజి గుంజి లాగుతుంది. మోకాలి కింద కండ లేదు; చర్మం, దాని అడుగునే స్నాయువులు, ఎముక. అందుకే అక్కడి గాయం మానడానికి చాలాకాలం పడుతుంది. చర్మం అంచులను దాటి ఎర్రటి మాంసం పైకి పెరుగుతున్నట్లు కనిపిస్తే సొంతవైద్యం చేయకుండా పశువైద్యునికి చూపించండి. ధనుర్వాతం టీకా వేయించి ఎంతకాలమైందో కూడా చూసుకోండి, ఎందుకంటే పెంపుడు జంతువులన్నింటిలో ఆ జబ్బు సులభంగా సోకేది గుర్రానికే.

ఇక కంచె సంగతి. మొత్తం మార్చలేకపోయినా, గుర్రానికీ ముళ్లతీగకూ మధ్య ఎడం కల్పించడం మీ చేతిలో పనే. తీగకు కనీసం ఒక మీటరు లోపలగా గుంజలు పాతి, వెడల్పాటి తెల్లని విద్యుత్ పట్టీని రెండు వరుసలు కట్టి, దానికోసమే తయారైన కంచె యంత్రంతోనే కరెంటు ఇవ్వండి. ముళ్లతీగకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కరెంటు కలపకూడదు. ముళ్లకు చిక్కిన జంతువు విడిపించుకోలేక పదే పదే షాకు తింటుంది. పట్టీ కట్టిన రోజు గుర్రాలను పగటిపూట తాడు పట్టుకుని హద్దు వెంట నడిపించి, కొత్త గీత ఎక్కడుందో వాటికి తెలియజేయండి.

ఆ తరువాత డబ్బు సమకూరినకొద్దీ ఒక్కొక్క వైపు మార్చుకుంటూ రావచ్చు. గుర్రాలు దాణాకోసం గుమిగూడే ద్వారం వైపుతోనే మొదలుపెట్టమంటాను, తోపులాట ఎక్కువగా జరిగేది అక్కడే. చెక్క పలకలు వాడేటట్లయితే గుంజలకు లోపలివైపు కొట్టించండి; బయటివైపు కొట్టిన పలక గుర్రం ఒరిగినప్పుడల్లా మేకుతో సహా ఊడుతుంది. ఇనుప వల వాడితే దాని కన్ను రెండు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తును మించకూడదు, అంటే గిట్ట దూరకూడదన్నమాట. ఎత్తు నాలుగున్నర నుంచి ఐదు అడుగులుండాలి. మూలలను వీలైనంత గుండ్రంగా తిప్పించండి. పెత్తనం చేసే గుర్రం రెండోదాన్ని తరుముకుంటూ వచ్చి ఇరుకు మూలలో నిలిపివేస్తే దానికి కంచె మీదికి దూకడం తప్ప దారి ఉండదు.

కంచె ఒక్కటే చూసి ఊరుకోకండి. మా శాలలో నీళ్ల బకెట్ తగిలించే కొక్కెం ఒకటుండేది. దాని కొనకు ఎప్పుడూ నాలుగు జూలు వెంట్రుకలు చుట్టుకుని కనిపించేవి, నేను వాటిని దులిపేసి వెళ్లిపోయేవాణ్ణి. ఒక ఉదయం చూస్తే గుర్రం కంటి పై రెప్ప చీలి వేలాడుతోంది. ఆ వెంట్రుకలు అన్నాళ్లుగా చెబుతున్నది నేను వినలేదు. ఇప్పుడు ఎక్కడ వెంట్రుక చిక్కి కనిపించినా, అది గొళ్లెమైనా, బందు దగ్గరి సందైనా, తొట్టి అంచైనా, ఆ రోజే సరిచేస్తాను. తలకు వేసే హాల్టర్‌ను కూడా ఆవరణలో వదిలేటప్పుడు తీసేయండి. తప్పనిసరిగా ఉంచవలసివస్తే, లాగితే తెగిపోయే తోలు పట్టీ ఉన్నదే వాడండి. నైలాన్‌ది ఏ గుంజకో తగులుకుంటే అది తెగదు, గుర్రం మెడకే ముప్పు.

ప్రశ్న: మా గుర్రం రెండుసార్లు తెల్లవారేసరికి శాలలో గోడకు కాళ్లు ఆనించి పడుకుని, లేవలేక తన్నుకుంటూ కనిపించింది. ఇది జబ్బా?

జవాబు: పొర్లుతూ గోడ దగ్గరికి వెళ్లి ఇరుక్కుపోవడం చాలావరకు జబ్బు కాదు. గుర్రం లేవాలంటే ముందుకాళ్లు చాచి నేలకు ఊనాలి, గోడ అడ్డుపడితే ఆ చోటు దొరకదు. అయితే కడుపునొప్పితో పొర్లే గుర్రం కూడా ఇలాగే ఇరుక్కుంటుంది. అందువల్ల లేచిన తరువాత మేత ముట్టకపోయినా, పక్కలు తిరిగి చూసుకుంటున్నా, నాడి నిమిషానికి 28 నుంచి 44 ఉండవలసినది నెమ్మదించాక కూడా పెరిగే ఉన్నా వెంటనే వైద్యుణ్ణి పిలవండి. ఎక్కువసేపు పడి ఉంటే దాని బరువుకే కండలు, నరాలు నలిగిపోతాయి కాబట్టి ఆలస్యం పనికిరాదు. గోడకూ కాళ్లకూ మధ్యకు మాత్రం ఎవరూ వెళ్లకూడదు. వెన్ను వైపు నుంచి మెల్లగా మాట్లాడుతూ చేరి, మరొకరి సాయంతో పొడవాటి తాడును గోడవైపున్న కాళ్లకు చుట్టి దూరం నుంచి లాగి దొర్లించాలి. దొర్లిన మరుక్షణం పక్కకు తప్పుకోవాలి, అది ఒక్క ఊపున లేస్తుంది. మామూలు గుర్రానికి శాల 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉండాలి. మీది అంతకన్నా ఇరుకైతే కారణం అదే కావచ్చు. పరుపుగడ్డిని గోడల వెంట గట్టులా ఎత్తుగా పేర్చినా కొంత మేలు.

ప్రశ్న: ఆవరణ పక్కన గన్నేరు చెట్లున్నాయి. చేదుగా ఉంటుంది కనుక గుర్రాలు ముట్టవంటున్నారు. నిజమేనా?

జవాబు: పచ్చి ఆకును చాలావరకు ముట్టవు, నిజమే. ఎండిన ఆకులో విషం మాత్రం అలాగే ఉంటుంది, గడ్డిలో కలిసిపోతే గుర్రం దాన్ని ఏరి పక్కన పెట్టదు. గుండెను దెబ్బతీయడానికి గుప్పెడు ఆకులు చాలు. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు, తిన్నది బయటికి రాదు. చెట్లు కొట్టించి వేళ్లతో సహా తీయించండి. కొట్టిన కొమ్మలను ఒక్క పూటైనా ఆవరణలో పడేసి ఉంచకండి, అక్కడ తగలబెట్టనూ వద్దు, ఆ పొగ కూడా మంచిది కాదు. రాలిన ఆకులను ఊడ్పించి, గాలికి కొట్టుకువచ్చినవేమైనా గడ్డివాములో చేరాయేమో చూసిన తరువాతే గుర్రాలను లోపలికి వదలండి.