పురిటికి వెళ్ళిన భార్యకు ఫోను చేసే మేనల్లుడికి

చిరంజీవికి, మీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

ఉభయకుశలోపరి తర్వాత చూసుకుందాం. అమ్మాయిని నరసన్నపేటలో పుట్టింట దింపి నువ్వు హైదరాబాదు వెళ్ళిపోయావనీ, పూటపూటకూ ఫోను చేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. మంచిదే. ఆ ఫోన్లలో ఏం మాట్లాడుతున్నావో కూడా నేను చెప్పగలను. మాత్రలు వేసుకున్నావా, స్కానింగ్‌లో ఏమన్నారు, బిడ్డ కదులుతోందా. ఇవన్నీ ఆశా కార్యకర్త అడుగుతుంది. ఆమె రిజిస్టరులో రాసుకోవాలి కాబట్టి అడుగుతుంది. నీకే రిజిస్టరుంది నాయనా?

ఈ జిల్లా పల్లెల్లో ఏఎన్ఎంగా ఉద్యోగమంతా చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. కడుపుతో ఉన్న పిల్లను అందరూ బిడ్డ గురించే అడుగుతారు. నువ్వు ముందు ఆమె గురించి అడుగు. రాత్రి నిద్ర పట్టిందా, దేనికైనా బెంగగా ఉందా అని అడిగి, చెప్పేదాకా ఊరుకో. భయంగా ఉందంటే మాత్రం వెంటనే ‘ఏమీ కాదులే’ అనకు. ఆ మాట విన్నాక ఎవరూ మరి నోరు విప్పరు. ఏమని భయమో అడిగితే ఒక్కొక్కటే బయటికొస్తాయి: నొప్పులు ఓర్చుకోగలనా, ఆపరేషన్ చేస్తారేమో, ఆడపిల్ల పుడితే అత్తగారు ముఖం ఎలా పెడతారో. మొదటి రెండూ డాక్టరమ్మతో మాట్లాడిస్తే కొంత తగ్గుతాయి. మూడోది తీర్చవలసింది నువ్వే. ఎవరు పుట్టినా ఒకటేనని అమ్మాయితో అంటే చాలదు, మీ అమ్మతో అను, అదీ అమ్మాయి వింటుండగా. మా వదిన చెడ్డది కాదు, కానీ నోరు జారుతుంది.

ప్రసవం శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలోనే అనుకున్నారట కదా. పురిటి గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉంచుకోవచ్చని 2016లోనే కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. ఆమె బిడ్డను కన్న అనుభవం ఉన్నదై ఉండాలి, మొదటినుంచి చివరిదాకా దగ్గరే ఉండాలి, సిబ్బంది పనికి అడ్డురాకూడదు. ఈ సంగతి చాలామందికి తెలియక తల్లులందరూ బయట వరండాలో కూర్చుని దండాలు పెట్టుకుంటుంటారు. తోడు ఎవరుండాలో అమ్మాయినే తేల్చుకోనివ్వండి. కన్నతల్లే కావాలని లేదు. కూతురికి నొప్పి వస్తే తాను ముందు ఏడ్చే తల్లి కంటే, నిబ్బరం గల పిన్ని నయం. ఆవిడ పెద్దగా చేసేదేమీ ఉండదు. అమ్మాయి మంచం చువ్వను పట్టుకుని వేళ్ళు తెల్లబడేలా బిగిస్తుంటే ఆ చేతిని తన చేతిలోకి తీసుకోవాలి, నడుము కింద అరచేతి అడుగుభాగంతో గట్టిగా ఒత్తాలి, నర్సమ్మ సరేనంటే నాలుగడుగులు నడిపించాలి, గుక్కెడు నీళ్ళు పట్టాలి. ‘అందరూ కనలేదా, ఓర్చుకో’ అనే మాట మాత్రం ఆ గదిలోకి రాకూడదు. పక్కన తనవాళ్ళు ఒకరుంటే కసురుకునేవాళ్ళ గొంతు కూడా తగ్గుతుంది. ఇది నేను పురిటి గది లోపల నిలబడి చూసిన విషయం.

ఇక బాలింతరాలి సంగతి. కాయం మందు పెట్టనీ, వెల్లుల్లి కారం పెట్టనీ, సాంబ్రాణి పొగ వేయనీ, వాటితో నాకు పేచీ లేదు. పొట్ట పెరుగుతుందని నీళ్ళు కొలిచి ఇస్తే మాత్రం పేచీ పెట్టుకుంటాను, నువ్వూ పెట్టుకో. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ. చూడవచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు ‘పాలు చాలుతున్నట్టు లేదే’ అని అని తీరతారు. ఆ ఒక్క మాటకు రాత్రంతా ఏడ్చిన బాలింతలను చూశాను. అలాంటప్పుడు మాట మళ్ళించే బాధ్యత మీ అత్తగారికి ముందే అప్పజెప్పు.

కాన్పయిన రెండో రోజో మూడో రోజో ఏడుపు వస్తుంది. కారణం తనే చెప్పలేకపోతుంది, నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. కంగారు పడకు, గారాబం అనకు. ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోయాయి, పైగా నిద్ర లేదు. చాలామందికి వచ్చేదే, రెండు వారాల్లోపు దానంతటదే సర్దుకుంటుంది. దానికి అన్నిటికంటే పెద్ద మందు నిద్ర. రాత్రి పాలిచ్చాక బిడ్డను అమ్మమ్మ తీసుకుని, మళ్ళీ ఆకలేసేదాకా తల్లిని లేపకుండా ఉంటే చాలు. నువ్వు పంపే పళ్ళబుట్టల కంటే ఈ ఏర్పాటు విలువైనది.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, తిండి సహించకపోతే, బిడ్డ ముఖం చూడాలనిపించడం లేదంటే, నేను మంచి తల్లిని కాదని పదేపదే అంటుంటే అది జబ్బు. నయమయ్యే జబ్బు. పాలిచ్చే తల్లులు కూడా వాడదగిన మందులు ఉన్నాయి. మనసు బాగోలేనప్పుడు సాయపడే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. రిమ్స్‌కు, అంటే ఆ శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రికే, తీసుకువెళ్ళినా తప్పేమీ లేదు. దిష్టి తీస్తామంటే తీయనీ, కానీ దిష్టి తీసి ఊరుకోవద్దు.

బిడ్డ పడుకున్నా తనకు కునుకు లేకుండా ఉండడం, లేని గొంతులు వినిపిస్తున్నాయనడం, ఇంట్లోవాళ్ళను అనుమానించడం, తనను గానీ బిడ్డను గానీ ఏమైనా చేసుకునే మాట రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. ఒంటరిగా వదలకుండా 108 పిలిచి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గర కూర్చోబెట్టి రోజులు పోగొట్టిన ఇళ్ళు నాకు తెలుసు.

సెలవు సంగతి కూడా చెప్పాలి. ఉన్నదంతా ప్రసవం రోజు చుట్టూ ఖర్చు పెట్టకు. ఆ వారం ఇల్లంతా జనమే, నీకు కుర్చీ కూడా దొరకదు. రెండు రోజులు వచ్చి చూసి వెళ్ళు. మిగిలినది బారసాల అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక వాడు. గుడ్డలు ఉతకడం, బిడ్డకు తేనుపు తెప్పించడం అప్పుడు నేర్చుకోవచ్చు. మగవాడు గుడ్డలు ఉతకడమేమిటని మీ మామగారు మొదట మొహమాటపడతారు, పట్టించుకోకు.

రైలు టికెట్లు ఇప్పుడే చూడు. శ్రీకాకుళం రోడ్డులో దిగే రోజు చెబితే మీ మామయ్యను స్టేషనుకు పంపుతాను.

మీ మేనత్త