ప్రొబేషన్‌లో నర్సులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

బెంగళూరు ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన, చేరబోతున్న తెలుగు నర్సులు రాసిన ఉత్తరాల్లో ప్రొబేషన్ గురించిన వాటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తయింది. బన్నేరుఘట్ట రోడ్డులోని ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆరు నెలల ప్రొబేషన్, దానితో కలిపి రెండేళ్ల బాండ్ అంటున్నారు. మధ్యలో మానేస్తే లక్ష రూపాయలు కట్టాలట. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు ఇమ్మంటున్నారు. ఇవ్వవచ్చా? (అనంతపురం పాఠకురాలు)

జవాబు: సర్టిఫికెట్లు, చెక్కులు, బాండ్ వేర్వేరు విషయాలు. వాళ్లు ఒకే కట్టలో పెట్టి ఇచ్చారని మీరూ ఒకేసారి ఒప్పుకోనక్కర్లేదు.

ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులివ్వండి, అదే రోజు ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. సరిచూసుకునే హక్కు ఆసుపత్రికి ఉంది, తాకట్టుగా ఉంచుకునే హక్కు లేదు. ఇంకో రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌కైనా, గల్ఫ్ ఉద్యోగాలకు చేసే డేటాఫ్లో వెరిఫికేషన్‌కైనా అవే కావాలి. ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు కనీసం ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, ఏ సర్టిఫికెట్ ఏ నంబరుదో రాయించి రసీదు తీసుకోండి.

ఖాళీ చెక్కు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. సంతకం మీదైతే చాలు, మిగతా వివరాలు వేరొకరు నింపినా అది చెల్లని చెక్కు కాదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. బాకీ లేదని రుజువు చేసుకునే భారం మీ మీదే పడుతుంది. బ్యాంకుకు వెళ్లి స్టాప్ పేమెంట్ పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా వెనక్కి వచ్చిన చెక్కు మీద కూడా సెక్షన్ 138 (చెక్కు బౌన్స్) కేసు వేయవచ్చు. ఇచ్చేసి ఉంటే చెక్కు నంబర్లతో 'ఇవి సెక్యూరిటీగా ఇచ్చినవి, నేను బాకీ ఏమీ లేను' అని హెచ్‌ఆర్‌కు ఈరోజే మెయిల్ పెట్టండి. చెక్కు బౌన్స్ అయిందని లీగల్ నోటీసు వస్తే స్పందించడానికి 15 రోజులే గడువు. దాన్ని బీరువాలో పెట్టి ఊరుకోకండి.

ఇక బాండ్. 'బాండ్లు చెల్లవు, భయపడకు' అని సీనియర్లు చెప్పే మాట పూర్తిగా నమ్మకండి. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగి మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించింది. అలాగని ఆసుపత్రి రాసుకున్న ప్రతి అంకె వసూలవుతుందనీ కాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం దక్కేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి పైపరిమితి మాత్రమే. మీకోసం నిజంగా ఏం ఖర్చు పెట్టారన్నది అక్కడ ముఖ్యం. డబ్బు కట్టి డయాలసిస్ శిక్షణో ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్స) కోర్సో చేయించారంటే ఒక లెక్క. రెండు వారాల ఇండక్షన్‌కు లక్ష అనడం వేరే లెక్క.

సంతకానికి ముందు రెండు మార్పులు అడగండి. ఒకటి, ప్రొబేషన్ కాలానికి బాండ్ వర్తించకూడదు. ఆ ఆరు నెలల్లో మిమ్మల్ని ఒక్క రోజు నోటీసుతో పంపేసే వీలు వాళ్లకు ఉంచుకుని, మీరు వెళ్తే మాత్రం లక్ష కట్టమనడం ఏకపక్షం. రెండోది, పనిచేసిన నెలలను బట్టి మొత్తం తగ్గాలి. లక్షను 24 నెలలకు పంచితే నెలకు సుమారు 4,167 రూపాయలు. 15 నెలలు చేసి మానేస్తే కట్టాల్సింది 37,500. ఈ రెండోదానికి చాలా హెచ్‌ఆర్‌లు ఒప్పుకుంటాయి, అడిగేవాళ్లే తక్కువ.

ప్రశ్న: ఆరు నెలల ప్రొబేషన్ అయిపోయి మూడు నెలలు దాటింది. కన్ఫర్మేషన్ లెటర్ లేదు, జీతం పెరగలేదు. అడిగితే 'అప్రైజల్ కావాలమ్మా' అంటున్నారు. నేను పర్మనెంట్ అయినట్టేనా? (వైట్‌ఫీల్డ్)

జవాబు: గడువు దాటినంత మాత్రాన కాదు. మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లోని వాక్యాన్ని బట్టి ఉంటుంది. 'రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు ప్రొబేషన్ కొనసాగుతుంది' అని ఉంటే మీరింకా ప్రొబేషనరే. 'ఆరు నెలలు, అవసరమైతే ఇంకో మూడు నెలలు, అంతకు మించి పొడిగించరాదు' అన్నట్టు గరిష్ఠ పరిమితి ఉండి, అది దాటాక కూడా పనిచేయించుకుంటుంటే కన్ఫర్మ్ అయినట్టే అని వాదించే అవకాశం ఉంది. పరిమితీ లేకుండా, ఏ మాటా లేకుండా ఉన్న ఆర్డర్లే ఎక్కువ. అప్పుడు ఆ వాదన బలహీనం.

కానీ దానికన్నా మీకు పనికొచ్చేది వేరే ఉంది. ఉద్యోగం తీసేయడంపై కార్మిక చట్టం ఇచ్చే రక్షణ. దానికి కావాల్సింది పన్నెండు నెలల్లో 240 రోజుల పని. జీతంతో కూడిన వీక్లీ ఆఫ్‌లు, సెలవులు కూడా ఇందులో లెక్కకు వస్తాయి. తొమ్మిది నెలలంటే సుమారు 270 రోజులు కాబట్టి, లాస్ ఆఫ్ పే ఎక్కువ లేకపోతే మీరు ఆ గీత దాటేశారు. ఇకపై తీసేయాలంటే నెల నోటీసు లేదా నెల జీతం, దానితో పాటు పరిహారం అడగవచ్చు. 'ప్రొబేషన్ షరతు ప్రకారమే పంపాం' అని ఆసుపత్రి ఎదురు వాదిస్తుంది. ఆ షరతు గడువు ముగిసి మూడు నెలలైందన్నదే మీ జవాబు. స్వచ్ఛంద సేవా సంస్థలు నడిపే ఆసుపత్రులకు ఈ నియమం వర్తించకపోవచ్చు కాబట్టి మీ ఆసుపత్రి ఎవరిదో ముందు చూసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది: చేరిన తేదీ, ప్రొబేషన్ ముగిసిన తేదీ రాసి, 'పొడిగింపు లెటర్ ఏదీ నాకు అందలేదు, కన్ఫర్మేషన్ ఇప్పించగలరు' అని నర్సింగ్ సూపరింటెండెంట్‌కు, హెచ్‌ఆర్‌కు కలిపి ఒకే మెయిల్. వాట్సాప్ వద్దు. పీఎఫ్ పాస్‌బుక్, డ్యూటీ రోస్టర్ కాపీలు మీ దగ్గర పెట్టుకోండి. 'పీఎఫ్ కన్ఫర్మ్ అయ్యాకే' అని ఇంకా కట్టడం లేదంటే అది తప్పు, పీఎఫ్ నియమాలు ప్రొబేషనర్‌ను వేరుగా చూడవు. 21,000 రూపాయల లోపు జీతానికి ఈఎస్ఐ కూడా అంతే.

ప్రశ్న: ఐసీయూ నైట్ డ్యూటీలో ఇన్‌ఫ్యూజన్ పంప్ రేటు తప్పు పెట్టాను. ఇన్‌ఛార్జ్ వెంటనే చూశారు, పేషెంటుకు ఏమీ కాలేదు. నాలుగో నెల ప్రొబేషన్. తప్పు ఒప్పుకుంటూ లెటర్ రాసిమ్మంటున్నారు. (జయనగర్)

జవాబు: ఇన్సిడెంట్ రిపోర్ట్ వేరు, క్షమాపణ లెటర్ వేరు. మొదటిది తప్పకుండా, ఆ షిఫ్ట్‌లోనే ఇవ్వాలి. అందులో జరిగింది మాత్రమే ఉండాలి: మందు పేరు, ఆర్డర్‌లో ఉన్న రేటు, పంప్‌లో పెట్టిన రేటు (5కు బదులు 50 పడడం మామూలుగా జరిగే పొరపాటు), ఎంతసేపు నడిచింది, బీపీ, పల్స్ ఎంత ఉన్నాయి, డాక్టర్‌కు ఎన్ని గంటలకు చెప్పారు, ఆయన ఏం చేయమన్నారు. 'నా నిర్లక్ష్యం వల్ల' అన్న మాట రాయకండి. అది నివేదిక కాదు, తీర్పు.

ఆపైన ఇంకో రెండు వివరాలు కలపండి. హెపారిన్, ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి ప్రమాదకర మందులకు ఇద్దరు నర్సులు విడివిడిగా చూడాలన్నది వార్డులో అందరికీ తెలిసిన నియమం. ఆ రాత్రి రెండో మనిషి ఎవరు? మీ కాంపిటెన్సీ చెక్‌లిస్టులో ఇన్‌ఫ్యూజన్ పంప్ ఎదురుగా ప్రిసెప్టర్ (మీకు పని నేర్పే సీనియర్ నర్సు) సంతకం ఉందా? సంతకం లేకుండానే మీకు ఒంటరిగా పేషెంట్లను అప్పగించి ఉంటే ఆ సంగతి రికార్డులోకి ఎక్కాలి. మీ మీద పడే నెపాన్ని ఇంకొకరి మీదికి తోసేయడం కాదిది. ఆ ఖాళీ నింపకపోతే రేపు ఇంకో కొత్త నర్సు చేతిలో అదే జరుగుతుంది.

ప్రొబేషన్‌లో 'పనితీరు సరిపోలేదు' అని మామూలుగా పంపేయవచ్చు. కానీ ఆర్డర్‌లో మీ మీద నింద రాసి పంపాలంటే విచారణ జరిపి, మీ మాట వినాలి. అలాంటి ఆర్డర్ చేతికిస్తే 'అందింది, ఒప్పుకోవడం లేదు' అని రాసి తేదీ వేసి తీసుకోండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రాతపూర్వకంగా అడగండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతన కోడ్ ప్రకారం చివరి జీతం రెండు పని దినాల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే డెయిరీ సర్కిల్ దగ్గరి కార్మిక శాఖ కార్యాలయం, కార్మిక భవనలో ఫిర్యాదు చేయండి. లాయరు ఖర్చు భరించలేకపోతే 15100కు ఫోన్ చేయండి, ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది.

ప్రశ్న: ప్రొబేషన్‌లో ఉండగా గర్భవతినయ్యాను. క్యాథ్‌ల్యాబ్‌లో డ్యూటీ. చెబితే తీసేస్తారేమోనని భయం. (మారతహళ్లి)

జవాబు: ఈ వారమే చెప్పండి, రాతపూర్వకంగా. రేడియేషన్ ఉండే క్యాథ్‌ల్యాబ్, సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం వాడే ఓటీ, కీమో మందులు కలిపే చోటు నుంచి మిమ్మల్ని మార్చాలంటే వాళ్లకు తెలియాలి కదా. డాక్టర్ సర్టిఫికెట్ జత చేయండి. ప్రసవ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే తొలి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వస్తుంది. చట్టంలో ప్రొబేషన్ మాటే లేదు. ఈఎస్ఐలో ఉంటే డబ్బు అక్కడి నుంచి వస్తుంది, దానికి 70 రోజుల చందా ఉండాలి. గర్భంతో ఉండగా తీసేసినా ఈ ప్రయోజనం పోదు. మెయిల్‌లో తేదీ ఉంటే, ఆ తర్వాత హఠాత్తుగా 'పనితీరు బాగాలేదు' అన్న మాట పుట్టుకొచ్చినా దేనికి పుట్టిందో ఎవరికైనా అర్థమవుతుంది.

ప్రశ్న: నాది ఏపీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ప్రొబేషన్ ముగిసేలోపు కర్ణాటక రిజిస్ట్రేషన్ తేకపోతే కన్ఫర్మ్ చేయరట. (హోసూరు రోడ్డు)

జవాబు: ఈ షరతు సబబే. చేరిన మొదటి వారంలోనే ఏపీ కౌన్సిల్‌కు ఎన్‌ఓసీ కోసం పెట్టండి, తర్వాత కర్ణాటక స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో దరఖాస్తు. పదో తరగతి మెమోలో, నర్సింగ్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండడంతోనే మన తెలుగువాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఆగుతాయి. కట్టిన ఫీజు రసీదు, దరఖాస్తు నంబరు ఎప్పటికప్పుడు హెచ్‌ఆర్‌కు పంపుతూ, గడువు ముగియకముందే పొడిగింపు అడగండి.