రిపోర్టులన్నీ నార్మలే అంటున్నరు, మరి నా కాళ్లకేమైంది అక్కా?

"అక్కా, నాకు 37 ఏండ్లు, హన్మకొండ పక్కన ఉంటం, ఇంట్లనే బ్లౌజులు కుడత. ఎనిమిది నెలల సంది అరికాళ్లల్ల సూదులు గుచ్చినట్టు, చీమలు పారినట్టు అయితుంది. రెండు నెలల సంది చేతులకు కూడా వచ్చింది, రాత్రి లేచి చేతులు దులుపుకుంట కూసుంటున్న. నలుగురు డాక్టర్లను చూసినం, నడుముకు ఎమ్మారై తీసిన్రు, నరాల టెస్టు చేసిన్రు, నలభై వేలు అయినయ్. అన్నీ నార్మల్, టెన్షన్ తగ్గించుకో అమ్మా అన్నడు ఆఖరి డాక్టర్. ఆ మాట విన్నకాంచి మా ఆయన మొహం చూసి మాట్లాడ్తలేడు, అత్తమ్మ అయితే పని తప్పించుకునేందుకు నాటకాలు అంటది. పక్కింటామె పెద్దరోగమేమో ఒకసారి చూపిచ్చుకో అన్నది, ఇగ అప్పటి సంది నిద్ర లేదు. నాకు పిచ్చి లేసిందా అక్కా? వీళ్లను ఎట్ల నమ్మించాలె?"

చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. పైన వేసింది సగమే, మిగతాది నీకు నాకు తెలుసు. మొదటిసారి చదివితే ఏడుపు కనబడ్డది, రెండోసారి చదివితే నువ్వు ఉత్తగ రాసి దాటిపోయిన నాలుగు ముక్కలు కనబడ్డయ్. నేను డాక్టర్‌ను కాదు, ఇండ్లల్ల పంచాయతీలు వినేదాన్ని. కానీ ఇరవై ఏండ్ల సంది వింటున్న కాబట్టి ఒకటి తెలుసు, మనుషులు అసలు సంగతిని మధ్యల ఎక్కడ్నో ఒక లైన్ల పెట్టి మర్చిపోతరు.

నీకు పిచ్చి లేదు, ముందుగాల అది పక్కన పెట్టు.

నువ్వు రాసినవ్, "పోయిన నెల స్నానం చేస్తుంటే వేడినీళ్లు ఎడమకాలు మీద పడ్డయ్, బొబ్బ లేసేదాక తెలువలే, మా ఆయననే చూసి ఆయింట్‌మెంట్ పూసిండు" అని. అంత పెద్ద సంగతిని ఒక్క లైన్ల రాసి మళ్ల అత్తమ్మ మాటల్లోకి పోయినవ్. ఇది ఏ డాక్టర్‌కైనా చెప్పినవా? నాకైతే చెప్పలేదనే అనిపిస్తుంది, ఎందుకంటే చెప్పి ఉంటే కాలు మీద దూది పెట్టి, పిన్నీసు మొనతోని తాకి, ఎక్కడ తెలుస్తుంది ఎక్కడ తెలుస్తలేదు అని చూడకుండ టెన్షన్ అని పంపేటోడు కాదేమో. టెన్షన్‌తోని తిమ్మిర్లు వస్తయ్, నిజమే, భయమేసి గబగబ ఊపిరి తీస్తే పెదవుల చుట్టూ, వేళ్లల్ల సురసుర అంటది, కాసేపటికి పోతది. కానీ బొబ్బ లేసేదాక వేడి తెల్వకపోవుడు టెన్షన్ ఖాతాల రాసే సంగతి కాదు.

ఇగ ఆ నార్మల్ అన్న మాట గురించి. నరాల టెస్టు అంటే కరెంటు షాకు లెక్క కొట్టి చూస్తరు కదా, అది లావు నరాలను కొలుస్తది, కండను కదిలించేటివి, గట్టిగ తాకితే తెలిపేటివి. మంట, నొప్పి, వేడి, సల్ల తెలిపే సన్న తీగలు ఆ టెస్టుకు అందయ్. లైన్‌మన్ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ చూసి కరెంటు మంచిగనే ఉందమ్మా అని పోయిండనుకో, మన వంటింట్ల బల్బు మాత్రం ఎలుగుతలేదు, గట్లన్నమాట. ఆయన అబద్ధం చెప్పలే, ఇంట్లకు రాలే అంతే. సన్న నరాల కోసం చీలమండ దగ్గర చర్మంల చిటికెడు ముక్క తీసి చూసే పరీక్ష ఉంటది, అన్ని చోట్ల చెయ్యరు, అందరికీ అవసరం కూడా పడదు, డాక్టర్ చేతితోని సరిగ పరీక్ష చేస్తెనే చాలా తెలుస్తది. నువ్వు పోయి నాకు బయాప్సీ చెయ్యిమని అడుగు అంటలేను, ఆ రిపోర్టుకు మీ ఆయన అనుకునే అర్థం లేదని చెప్తున్న.

రెండోది ఆ ఎర్ర సూదులు. మీ వాడకట్ల ఆర్ఎంపీ దగ్గర పది సూదులు వేయించుకున్నవ్, తర్వాత పెద్ద దవాఖానల బి12 చూస్తే 900 పైన వచ్చింది, ఎక్కువనే ఉందన్నరు. అరే చెల్లె, ఆ ఎర్రగ ఉన్నదే బి12! బిందెల నీళ్లు పోసి తర్వాత బిందె నిండుగుందా అని చూసినట్టయింది. నువ్వేమో నాలుగేండ్ల సంది నీసు ముట్టవు, గుడ్డు కూడా తినవు, పాలు అంటే చాయ్‌ల పడే పాలే, పైగ మూడేండ్ల సంది పొద్దున లేస్తెనే గ్యాస్ గోలీ. బి12 అనేది నరాలకు కావాల్సిన విటమిన్, తక్కువైతే ఇట్లనే తిమ్మిర్లు వస్తయ్, అది మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లనే దొరికేది, కూరగాయలల్ల ఉండదు, గ్యాస్ గోలీలు ఏండ్లకేండ్లు వాడితే తిన్నది కూడా సరిగ ఒంటబట్టదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ సంగతీ అంతే, అది నీకు లేదు గని మీ అమ్మకు షుగర్ అన్నవ్ కదా, ఆమె చెవిల వెయ్యి. ఇప్పుడు చెయ్యాల్సిందేందంటే, సూదుల కంటే ముందటి రక్తం రిపోర్టు ఎక్కడన్న ఉందేమో వెతుకు, గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు తీసినయ్ బీరువాల ఉంటయ్. దాంట్ల ఎంసీవీ అని ఒక లైన్ ఉంటది, ఎర్ర రక్తకణాల సైజు అన్నట్టు, అది 100 దాటి ఉంటే డాక్టర్‌కు ఒక ఆనవాలు దొరికినట్టే, దాటకపోయినా బి12 తక్కువ లేదని మాత్రం కాదు. సూదులు వేసుకున్న ఆ నెలల తిమ్మిర్లు జర తగ్గినయా, పెరిగినయా, అది కూడా గుర్తు చేసుకొని చెప్పు.

ఆర్ఎంపీని తిడ్తలేను, అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు తీసేది ఆయననే. కానీ ఆయన రాసిన బి కాంప్లెక్స్‌కు తోడు మెడికల్ షాపుల అడిగి ఇంకో రెండు రకాల నరాల గోలీలు తెచ్చుకుంటున్న అన్నవ్ చూడు, అది జర ఆపి డాక్టర్‌కు ముందు చూపిచ్చు. దాదాపు అన్నిట్ల బి6 ఉంటది, మోతాదు మీద మోతాదు అయి నెలల కొద్దీ వాడితే ఆ బి6ఏ తిమ్మిర్లు తెప్పిస్తది. పట్టీలన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్ల వేసుకొని పో, పేర్లు నోటికి రాకుంటే ఏం కాదు.

ఇంకోటి, అందరు కాళ్లు చేతులు ఒకే రోగం అనుకుంటున్నరు, అవి రెండు వేర్వేరు సంగతులు కూడా కావొచ్చు. రాత్రి లేచి చేతులు దులుపుకుంటే నయమనిపిస్తుంది, బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు ఎక్కువ అంటున్నవ్, చిటికెన వేలు మంచిగనే ఉంది అంటున్నవ్. పొద్దంత కత్తెర పట్టి, మిషిన్ మీద వంగి కుట్టేటోళ్లకు మణికట్టు దగ్గర నరం నలిగి ఇట్ల అయితది, దానికి రాత్రి చెయ్యి మడవకుండ కట్టుకునే పట్టీ ఇస్తరు, తక్కువ పైసల్ల దొరుకుతది, చాలామందికి దాంతోనే సగం నయమైతది. నరాల టెస్టు కాళ్లకే చేసిన్రా చేతులకు కూడా చేసిన్రా రిపోర్టుల చూడు. థైరాయిడ్ తక్కువున్నా ఈ చెయ్యి నరం సంగతి వస్తది. షుగర్ కూడా పరగడుపుది ఒక్కటే చూసిన్రు, 104 వచ్చింది, నార్మల్ అని రాసిన్రు. 100 నుంచి 125 నడుమ ఉంటే షుగర్ గడప దాక వచ్చిందని చాలామంది డాక్టర్లు లెక్కేస్తరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించు, 5.7 దాటిందా అని చూస్తరు.

పక్కింటామె మాట. నువ్వు ఆ పేరు కూడా రాయకుండ పెద్దరోగం అని రాసినవ్, నేను పేరు పెట్టే రాస్త, కుష్టు. నీకు అదే ఉందని నేనంటలేను, ఒంటి మీద మచ్చలేం లేవన్నవ్. కానీ స్పర్శ పోయినప్పుడు డాక్టర్ అది కూడా చూడాలె, రంగు తగ్గిన లేదా ఎర్రబారిన మచ్చ ఉందా, దాని మీద తాకితే తెలుస్తుందా, మోచేయి దగ్గర నరం లావైందా అని చూస్తరు, పెద్ద పనేం కాదు. ఒకవేళ అదే అనుకో, మందులు సర్కారు దవాఖానల ఫ్రీ, ఆరు నెలలో ఏడాదో వాడితే నయమైతది, మందు మొదలుపెట్టినంక తొందరగనే ఇంకొకరికి అంటుకునే ప్రమాదం పోతది. "ఆయన వదిలేస్తడేమో" అని బ్రాకెట్ల రాసినవ్ కదా, కుష్టు కారణంగ విడాకులు అడిగే వీలును 2019ల చట్టం మార్చి తీసేసిన్రు. అది చదివి కడుపుల ఉన్న బరువు జర దిగితే చాలు. ఇన్ని రాత్రులు నిద్ర లేకుండ ఒక్కదానివే మోసుకుంట తిరిగే బదులు స్కిన్ డాక్టర్‌ను ఒక్క పొద్దు అడిగితే తేలిపోయేది.

ఇగ మీ ఆయన. ఎట్ల నమ్మించాలె అన్నవ్. నమ్మించకు. ఎనిమిది నెలల సంది తిమ్మిరి, మంట అని చెప్పి చెప్పి నువ్వు అలిసినవ్, విని విని ఆయన అలిసిండు, నలభై వేలల్ల ఇరవై వడ్డీకి తెచ్చిండు అని నువ్వే రాసినవ్. పైసలు అయినంక ఏం లేదు అన్న మాట ఆయనకు ఒకదిక్కు సంతోషం, ఒకదిక్కు కోపం, అది నీ మీదికి మళ్లింది. తప్పే, నేను వెనకేసుకొస్తలేను. కానీ ఆ బొబ్బ చూసింది ఆయననే కదా! నువ్వు కూడా ముందు చూసుకోలే, చూసింది ఆయన. అందుకే ఏదన్న రాత్రి తిన్నంక, అత్తమ్మ పక్కన లేనప్పుడు, "ఈసారి దవాఖానకు నువ్వు కూడ రా, నేను చెప్తే టెన్షన్ అంటున్నరు, కాలు కాలింది నువ్వు చూసినవ్ కదా, ఆ ముక్క ఒక్కటి నువ్వు చెప్పు" అను. నన్ను నమ్ము అని అడిగితే మగోళ్లకు వాదన అనిపిస్తది, ఈ పని చెయ్యి అంటే చేస్తరు, నేను చూసిన ఇండ్లల్ల అయితే చాలావరకు గంతే. ఆయన నోటితోని ఆయన చెప్పినంక, ఇంటికొచ్చి నాటకం అననీకి నోరు రాదు.

అత్తమ్మతోని ఇప్పుడు కొట్లాట పెట్టుకోకు. ఆమెకు మోకాళ్ల నొప్పులు అన్నవ్, ఆమె నొప్పులకు రిపోర్టు ఎవరడిగిన్రు, ఆమె కుంటుతే కనబడ్తది, నీది కనబడదు, అంతే తేడా. పొయ్యి మీదికెల్లి గిన్నెలు దించుడు, వేడినీళ్లు తోడుడు నాతోని కాదు అత్తమ్మా, మిగతా పని నేను చేస్త అని తేల్చి చెప్పు. ఇది అలుగుడు కాదు, నీ కాలికి వేడి తెలుస్తలేదు, చేతులు తిమ్మిరెక్కుతున్నయ్ కాబట్టి అవసరం. నీళ్లు మోచేతితోనో, బిడ్డతోనో చూపిచ్చుకొని పోసుకో, ఇంట్ల కూడా మెత్తటి చెప్పులేసుకో, పండుకునే ముందు అరికాళ్లు చూసుకో. కుట్టే రూముల సూదులు కింద పడ్తయ్, నీకు గుచ్చుకున్నా తెలువది.

డాక్టర్‌ను మళ్ల మళ్ల మార్చకు, ఐదోటాయన కూడా మొదటి నుంచి మొదలుపెడ్తడు. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల జనరల్ మెడిసిన్ ఓపీకి పో, అక్కడ్నుంచి నరాల డాక్టర్‌కు రాయించుకో. అక్కడ తేలకపోతే కాజీపేటల పొద్దుగాల రైలెక్కి హైదరాబాద్‌ల పంజాగుట్ట నిమ్స్ దవాఖానకు పో, పాత రిపోర్టులన్నీ తారీఖుల వారీగ పెట్టుకొని. నీ కొలతల బుక్కుంది కదా, దాని వెనక పేజీల నుంచి రాయి, ఏ రోజు, ఎక్కడ, ఎంతసేపు, ఏం చేస్తుంటే, చేతిలకెల్లి ఏం జారిపడ్డది. రోజుకు రెండు లైన్లు చాలు. రాత్రి ఫోన్ల వెతుకుడు మాత్రం బంద్ పెట్టు, దాంట్ల ఏ తిమ్మిరికైనా చావే వస్తది.

అన్నీ చూసినంక కూడా కారణం దొరకకపోవచ్చు, ఇది ముందే చెప్పాలె నీకు. అట్లాంటోళ్లు చాలామంది ఉంటరు, కారణం దొరకకున్నా మంటకు, నిద్రకు మందులుంటయ్, ఆరు నెలలకోసారి చూపిచ్చుకుంట నడుస్తది. ఒకవేళ డాక్టర్ ఇచ్చే గోలీ డిప్రెషన్‌కు కూడా వాడేదైతే ఉలిక్కిపడకు, నరాల మంటకు అవే ఇస్తరు, నిన్ను పిచ్చిదని రాసినట్టు కాదు. మనసు మరీ బరువైతే 14416కు ఫోన్ చెయ్యి, టెలి మానస్, సర్కారుది, ఫ్రీ, తెలుగులనే మాట్లాడ్తరు, ఏ రాత్రైనా ఎత్తుతరు.

ఓపీ దాక ఆగొద్దని కొన్ని ఉంటయ్, నీ ఫోన్లనే కాదు, బిడ్డ ఫోన్ల కూడా రాసిపెట్టు. ఒక్కసారిగ ఒకదిక్కు చెయ్యి కాలు పడిపోవుడు, మూతి వంకర, మాట తడబడుడు, లేదంటే రోజుల వ్యవధిల కాళ్లల్ల బలం తగ్గుకుంట పైకి పాకుడు, మింగుడు, ఊపిరి కష్టమవుడు, లేదంటే తొడల నడుమ మొద్దుబారి ఒంటేలు బందయిపోవుడు. వీటిల ఏదొచ్చినా పొద్దు మాపు చూడకుండ 108.

ఆఖరికి ఆ పెండ్లిపిల్ల బ్లౌజు సంగతి, కుట్టు వంకర పోయిందని వాళ్లు తిరిగి తెస్తే మూడు రోజులు ఏడ్చిన అన్నవ్. అడ్వాన్సు తిరిగి ఇచ్చెయ్యి, చేతులు బాగలేవని ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఈ సీజన్‌కు మగ్గం వర్కులు, హుక్కులు, సన్న పనులు ఒప్పుకోకు, ఫాల్స్, పీకోలు, లంగాలు తీసుకో. నీ దగ్గర నేర్చుకున్న పిల్ల ఉందన్నవ్ కదా, బ్లౌజులు ఆమెకు ఇప్పిచ్చి కటింగ్ మాత్రం నువ్వే చెయ్యి, చేతులు సహకరించిన రోజులల్ల. దవాఖానకు పోయొచ్చినంక మీ ఆయన అక్కడ ఏం చెప్పిండో రాయి నాకు.