పేరు రెండుసార్లు కొడితేనే తెరుచుకునే సైట్

ప్రశ్న: మేడమ్, నేను ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నాను. యూసుఫ్‌గూడలో మా బాబాయికి కర్రీ పాయింట్ ఉంది. ఆర్డర్ల కోసం ఆయనకొక వెబ్ అప్లికేషన్ చేశాను. నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. కంపైలైన క్లాసులతో సహా అన్నీ 'కర్రీ' అనే ఫోల్డర్లో సర్ది, దాన్ని జిప్ చేసి, పేరు 'కర్రీ డాట్ వార్' అని మార్చి, సర్వర్లో టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లని నడిపే సాఫ్ట్‌వేర్) వెబ్‌యాప్స్ ఫోల్డర్లో పెట్టాను. అడ్రస్ చివర స్లాష్ కర్రీ అని కొడితే 404, అంటే పేజీ దొరకలేదని వస్తోంది. విచిత్రంగా, కర్రీ అని రెండుసార్లు కొడితే మెనూ పేజీ వస్తోంది! లాగిన్ నొక్కితే మళ్లీ 404. ఆదివారం బాబాయికి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: 'రెండుసార్లు కొడితే వస్తోంది' అన్న ముక్క రాసి నా పని తేలిక చేశారు. నేను అమీర్‌పేటలో జావా చెప్పిన రోజుల్లో పిల్లలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన వార్ ఫైళ్లలో ఎక్కువగా ఇదే తప్పు ఉండేది.

జిప్ చేసి పేరు మార్చడం తప్పేం కాదు. వార్ అంటే జిప్పే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట పీ, కే అని కనిపిస్తాయి, జిప్ తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి. పొరపాటు సర్దడంలో జరిగింది. ఫైల్ పేరులో ఉన్న కర్రీనే టామ్‌క్యాట్ అడ్రస్‌గా తీసుకుంటుంది. మీరు ఫోల్డర్ని బయట నుంచి జిప్ చేశారు కాబట్టి లోపల ఇంకో కర్రీ ఉంది. అందుకే రెండుసార్లు కొట్టాల్సి వస్తోంది. టామ్‌క్యాట్ ఫైల్ విప్పగానే పై వరసలోనే వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ కోసం చూస్తుంది. లాగిన్ సర్వ్‌లెట్ (లాగిన్ పని చూసే జావా క్లాసు) ఉండేది దాని లోపలి క్లాసెస్‌లో, జార్‌లు (మీ కోడ్ వాడుకునే లైబ్రరీలు) ఉండేది లిబ్‌లో. పై వరసలో వెబ్-ఇన్ఫ్ లేకపోయేసరికి మీ సర్వ్‌లెట్ ఉందనే దానికి తెలియలేదు. మెనూ పేజీకి ఆ క్లాసులతో పనిలేదు కాబట్టి వచ్చేసింది.

404 సంగతి అలా ఉంచండి. నన్ను భయపెట్టింది వేరే విషయం. వెబ్-ఇన్ఫ్‌లో ఉన్నది బ్రౌజర్‌లో ఎవరడిగినా టామ్‌క్యాట్ ఇవ్వదు. కానీ ఆ కాపలా పై వరసలో ఉన్న వెబ్-ఇన్ఫ్‌కే. మీది ఒక మెట్టు కింద ఉంది కాబట్టి అది మామూలు ఫోల్డర్ కిందే లెక్క. డేటాబేస్ పాస్‌వర్డ్ అక్కడి ఫైల్లో రాసి ఉంటే, అడ్రస్ ఊహించగలిగిన వాళ్లెవరైనా చదివేయొచ్చు. ఇది చదవగానే సర్వర్లోంచి ఆ వార్‌ని, అది విప్పిన ఫోల్డర్ని తీసేయండి. పాస్‌వర్డ్ కూడా మార్చండి. బద్ధకించకండి.

ఇక సర్దడం. కర్రీ ఫోల్డర్ లోపలికి వెళ్లి, అక్కడున్నవన్నీ సెలెక్ట్ చేసి అప్పుడు జిప్ చేయండి. కోడ్ రాయడానికి ఎక్లిప్స్ వాడుతుంటే ప్రాజెక్టు మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్‌లో వార్ ఫైల్ ఎంచుకోండి, అదే సరిగ్గా సర్దుతుంది. సర్వర్‌కి పంపేముందు ఒకసారి తెరిచి చూడండి: పై వరసలోనే వెబ్-ఇన్ఫ్ కనిపించాలి, అన్నీ పెద్దక్షరాల్లో.

అప్పటికీ లాగిన్ రాకపోతే టామ్‌క్యాట్ వెర్షన్ చూడండి. కోచింగ్ నోట్సుల్లో సర్వ్‌లెట్లకి ఇంకా 'జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్' ఇంపోర్టులే ఉంటాయి, అవి టామ్‌క్యాట్ 9 వరకే. 10 నుంచి ఆ పేరు 'జకార్తా డాట్ సర్వ్‌లెట్' అయింది. సర్వర్లో 10 లేదా ఆపై వెర్షన్ ఉంటే ఆ ఇంపోర్టులు మార్చండి. ఆదివారంలోగా అంత తీరిక లేకపోతే వార్‌ని వెబ్‌యాప్స్-జావాఈఈ అనే ఫోల్డర్లో పెట్టండి (లేకపోతే వెబ్‌యాప్స్ పక్కనే మీరే సృష్టించండి), టామ్‌క్యాటే మార్చుకుంటుంది.

బాబాయి అడ్రస్ చివర కర్రీ అని కొట్టరనుకుంటే, వెబ్‌యాప్స్‌లో ముందే ఉన్న రూట్ ఫోల్డర్ తీసేసి, మీ ఫైల్‌కి రూట్ అని పెద్దక్షరాల్లో పేరు పెట్టండి. సైట్ పేరు కొడితే చాలు, మెనూ వచ్చేస్తుంది.